అటక మీది తుపాకికి వెల కట్టడం

అనంతపురం జిల్లాలో పాత తుపాకి బయటపడేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. పాత మిద్దె పడగొట్టి స్లాబు వేయించుకునేటప్పుడు ఒకటి, లైసెన్సున్న జేజినాయన పోయాక ఆయన ట్రంకు పెట్టె తెరిచినప్పుడు ఇంకొకటి. పొద్దు గూకే లోపే ఇంట్లో ధరలు మొదలవుతాయి. యూట్యూబులో అమెరికా వేలంపాట చూసిన మనవడు డాలర్లను రూపాయల్లోకి మార్చి లక్షలు చెబుతాడు. చిన్నాయన మాత్రం పాత ఇనుము కొనేవాడికి తూకానికి వేసి వదిలించుకోమంటాడు. ఇద్దరిలో ఎవరి మాట విన్నా నష్టమే. తుపాకికి వెల కట్టడానికి ఒక వరస ఉంది. అందులో ధర చివరాఖరున వస్తుంది.

వరసలోకి దిగేముందు ఈ సీమ ఇళ్లలోకి తుపాకులు ఏ దారిన వచ్చాయో తెలుసుకుంటే సగం పని తేలికవుతుంది. గుత్తి, పెనుకొండ కొంతకాలం హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌ల ఏలుబడిలో ఉన్నాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసేనాటికి దత్త మండలాల్లో 80 మంది దాకా పాళెగాళ్లు ఉండేవాళ్లు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్న థామస్ మన్రో వాళ్ల బలగాలను రద్దు చేయించాడు. వత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు ఆ కాలపు సరుకు. తర్వాత చెనిక్కాయ చేలను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి రైతులు లైసెన్సు మీద పెట్టుకున్న మందు కూరే తుపాకులు వచ్చాయి. ఇక రైఫిళ్లలో జనం నోట నానింది త్రీ నాట్ త్రీ. సైన్యం, పోలీసులు దశాబ్దాల పాటు మోసిన లీ ఎన్‌ఫీల్డ్ అది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం నాడే. దాని పక్కనే .315 బోరు రైఫిల్ ఉంటుంది. సైన్యం వాడే తూటా పౌరుల తుపాకిలో పట్టకూడదని తెల్లదొరలు కట్టడి పెట్టడంతో పుట్టిన బోరు ఇది. ముందు ఇంగ్లండులో బీఎస్‌ఏ వాళ్లు, తర్వాత మన ఇషాపూర్ ఫ్యాక్టరీ వాళ్లు తయారుచేశారు. ఇంట్లో దొరికింది వీటిలో ఏ కాలపుదో దూరం నుంచి చూసినా పోల్చుకోవచ్చు. దూరం నుంచే అనడానికి కారణం ఉంది.

మొదటి పని, అది నిండి ఉందో ఖాళీగా ఉందో తేల్చుకోవడం. అరవై ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు కాబట్టి ఖాళీదే అనుకోవడం పెద్ద పొరపాటు. తుపాకి మందు తడి తగలకపోతే తరాలు గడిచినా మండే గుణం పోగొట్టుకోదు. అనంతపురం గాలిలో తడి అంతంతమాత్రమే. రాత్రిపూట పందులు వస్తాయని కూరి గోడకు ఆనించిన తుపాకి అలాగే ఉండిపోయి ఉండొచ్చు. తెలిసినవాళ్లు దీన్ని చూసే పద్ధతి చాలా సులువు. సన్నటి కర్రను గొట్టం నోట్లోంచి లోపలికి దిగినంత దింపుతారు. నోటి అంచు దగ్గర కర్ర మీద గీత పెట్టి బయటికి తీస్తారు. ఆ గీతను నోటికి సరిపెట్టి కర్రను గొట్టం పక్కన బయటివైపు ఆనిస్తారు. కర్ర కొస రంజకపు బెజ్జం దాకా వస్తే గొట్టం ఖాళీ. మూడు నాలుగు వేళ్ల ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది, బహుశా మందూ గుండూ. ఇదంతా ముఖం గొట్టానికి ఎదురుగా పెట్టకుండా చేయాల్సిన పని, అలవాటున్న చేతులు చేయాల్సిన పని. ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒక్కటే: దాన్ని ఉన్నచోటే ఉంచి, పిల్లల్ని అవతలికి పంపి, పోలీస్ స్టేషనుకు ఫోను చేయడం. బోల్టు రైఫిలైనా అంతే. మీట నొక్కి ఖాళీనా కాదా అని చూసే మగరాయుళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరైనా ఉంటారు. వాళ్లను ఆ గదిలోకి రానివ్వకండి.

రెండోది కాగితం. చాలామంది దీన్ని చివరికి నెడతారు. నా లెక్కలో మాత్రం వెలలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. ఎంత అరుదైన తుపాకి అయినా చట్టం ఒప్పుకోకపోతే దానికి కొనుగోలుదారు ఉండడు. కొనేవాడు లేని వస్తువుకు ధర చెప్పుకోవడం ఉబుసుపోకకే.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం పనిచేసే తుపాకి దేనికైనా లైసెన్సు ఉండాలి. ఒకరి పేరున గరిష్ఠంగా మూడు తుపాకులు ఉండొచ్చన్న పరిమితిని 2019 సవరణ రెండుకు తగ్గించింది. లైసెన్సుదారు చనిపోతే వారసులకు తుపాకి తనంతట తాను సంక్రమించదు. దగ్గరి పోలీస్ స్టేషనులో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. వారసుడు సొంతంగా లైసెన్సు తెచ్చుకుంటే తిరిగి తీసుకోవచ్చు, లేకపోతే చట్టబద్ధంగా అమ్మించుకోవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా తుపాకులు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం ఈ జిల్లావాళ్లకు కొత్త కాదు. ఇదీ ఆ మాదిరి పనే.

ఇక బోరు సంగతి. .303, 7.62 సర్వీసు తూటాలు పట్టే బోల్టు రైఫిళ్లు నిషిద్ధ బోరు కిందికి వస్తాయి. .410 మస్కెట్టుదీ అదే దారి. అంటే త్రీ నాట్ త్రీ అటక మీద దొరికితే దాన్ని మామూలు లైసెన్సుదారుకు అమ్మే వీలు లేదు. అమెరికాలో అలాంటిదే ఎంత పలికినా ఉరవకొండలో దాని బజారు ధర సున్నా. అదే పెట్టెలో .315 ఉంటే, కాగితాలు సరిగా ఉంటే, దానికి రేపే గిరాకీ ఉంటుంది. చరిత్రకారుడి కంటికి మొదటిది గొప్పది, బజారు కంటికి రెండోది. ఈ తిరకాసు అర్థం కాకనే ఇంట్లో ధరల గొడవలన్నీ.

చట్టంలో ఒక సందు ఉంది. 45వ సెక్షన్ ప్రకారం పాతబడిన నమూనా ఆయుధం, పురావస్తు విలువ ఉన్నది, లేదా పాడైపోయినది, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాకపోతే దానికి చట్టం వర్తించదు. వేరే భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిల్లర విడిభాగాలకూ అదే సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అయితే పనికిరాదని తేల్చాల్సింది మనం కాదు, అధికారులూ వాళ్లు అడిగిన నిపుణులూ. కొందరు అతి తెలివికి పోయి, దాన్ని పనికిరానిదిగా చేస్తే గొడవ వదులుతుందని వెల్డింగు షాపుకు తీసుకెళ్లి గొట్టానికి బెజ్జం వేయిస్తారు. లైసెన్సు లేనివాడు తుపాకి మీద చేయి చేసుకోవడమే ఒక తప్పు. పైగా రెండు వందల ఏళ్ల వస్తువు ఐదు నిమిషాల్లో తుక్కు ఇనుమవుతుంది. నేలలో దొరికిన దానికి ఇంకో చట్టం ఉంది. పది రూపాయలకు మించిన విలువైనది ఏది తవ్వకంలో దొరికినా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతుంది. గుత్తి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కొండమీద దొరికిందని గుండు ముక్క తెచ్చుకున్నా అది మీది కాదు.

కాగితం దారి తేలాక అసలు వస్తువును చదవడం మొదలవుతుంది. ఈ పనిలో రుచి ఉన్నది ఇక్కడే. స్టేషను ఆవరణలోనో డీలరు బల్ల మీదనో, ఖాళీ చేసిన ఒక లీ ఎన్‌ఫీల్డ్ ముందుందనుకుందాం. జనం ముందు గొట్టం చూస్తారు. చూడాల్సింది బోల్టు వెనక, మడమ చెక్క ఇనుములోకి చొచ్చుకుపోయే చోట కుడివైపున ఉండే పట్టా. దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ అక్కడే చెక్కి ఉంటాయి. పైన కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాల్లో. వి.ఆర్. ఉంటే విక్టోరియా, అంటే 1901 జనవరి లోపుది. ఇ.ఆర్. ఉంటే ఎడ్వర్డ్, 1910 దాకా. జి.ఆర్. అంటే జార్జి. జి.ఆర్.ఐ. అని చివర ఇంకో అక్షరం ఉంటే ఆ తుపాకి మనదేశంలో పుట్టింది, ఆ ఐ చక్రవర్తి బిరుదుది. ఆ కింద ఫ్యాక్టరీ పేరు: ఇంగ్లండులో ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ, ఆస్ట్రేలియాలో లిత్‌గో, బెంగాల్‌లో ఇషాపూర్. ఆ తర్వాత సంవత్సరం. అన్నిటికీ కింద నమూనా. మార్క్ 3 అని మాత్రమే ఉంటే 1907లో మొదలైన అసలు నమూనా. మూడు పక్కన నక్షత్రంలాంటి చుక్క (*) ఉంటే మొదటి ప్రపంచ యుద్ధంలో తొందర కోసం కొన్ని భాగాలు తీసేసి చేసింది. ఈ ఒక్క చుక్క వెలను బాగా కిందికి లాగుతుంది. చుక్క లేని పాతదానికి దూరపు గురి కోసం పక్కన బిగించిన అదనపు సైటు, తూటాల పెట్టెను మూసే సన్నటి రేకు ఉంటాయి. అవి ఇంకా ఊడకుండా ఉంటే పట్టుకున్న చేయి కాసేపు ఆగుతుంది.

మిగతా గుర్తులు ఆ తుపాకి ఎక్కడెక్కడ తిరిగిందో చెబుతాయి. బాణపు ములుకు కింద ఐ అక్షరం ఉంటే భారత ప్రభుత్వపు సొత్తు. రెండు ములుకులు ఎదురెదురుగా మొనలు కలిపి ఉంటే సర్వీసు నుంచి తీసి బయట అమ్మినది. డీపీ అని కొట్టి ఉంటే డ్రిల్లుకే తప్ప పేల్చడానికి పనికిరాదని సైన్యమే చెప్పేసినట్టు. ముందు చెక్కకు రాగి తీగ చుట్టి ఉంటే గ్రెనేడ్లు విసరడానికి వాడినది. ముందు చెక్కకు అడ్డంగా ఒక మర బిగించి ఉంటే అది ఇషాపూర్ చేతిపని. సైన్యం వాడకంలో చెక్క చీలకుండా వేసిన కట్టు. తూటాల పెట్టె ఉండాల్సిన చోట దిమ్మె బిగించి, గొట్టం లోపల నున్నగా ఉంటే అది .410గా మార్చినది. పోలీసులకూ జైలు కాపలావాళ్లకూ ఇచ్చేందుకు చేసిన మార్పు. చూడ్డానికి రైఫిలే, ఒక్కోసారి ఒక్క తూటానే పడుతుంది. తూటాల పెట్టె నలుచదరంగా ఉండి, సైటు మీద దూరం మీటర్లలో ఉంటే అది 1962 చైనా యుద్ధం తర్వాత 7.62 తూటా కోసం ఇషాపూర్‌లో చేసిన రకం. పాతకాలపుదని అమ్మజూపితే నమ్మొద్దు.

తర్వాత నంబర్లు. లీ ఎన్‌ఫీల్డ్‌లో ఒకే నంబరు చాలాచోట్ల కొట్టి ఉంటుంది: గొట్టం మొదట్లో, బోల్టు పిడి వెనక, వెనక సైటు రేకు అడుగున, ముందు మూతి కప్పు మీద, ముందు చెక్క అడుగున. అన్నీ కలిస్తే ఆ తుపాకి ఫ్యాక్టరీ గడప దాటినప్పటి ఒంటితోనే ఉందని అర్థం. బోల్టు నంబరు ఒక్కటి తేడా వచ్చినా సేకరించేవాళ్లు మొహం చిట్లిస్తారు. అది వట్టి చాదస్తం కాదు. బోల్టు ఒక్కో గొట్టానికి సరిపెట్టి బిగించింది. పరాయి బోల్టు వేస్తే తూటా అడుగున సందు మారి, పేల్చేవాడి మొహానికే ముప్పు. ఈ ఒక్క భాగంలో అందమూ భద్రతా ఒకే నంబరుకు కట్టుబడి ఉన్నాయి.

గొట్టం లోపల లైటు వేసి చూస్తే ఐదు చాళ్లు ఎడమవైపుకు మెలి తిరుగుతూ కనబడాలి, గొర్రు తోలినంత తేటగా. అంచులు కరిగి చాళ్లు పూడినట్టుంటే కార్డైట్ మందు వేడికి అరిగిందన్నమాట. మధ్యలో గుంటలు ఉంటే పాత తూటాల మందు లవణాలు కడగకుండా వదిలేశారు. ఆ తూటాలు పేల్చాక వేణ్నీళ్లతో కడిగి నూనె పట్టించడం నాటి సిపాయి దినచర్య. నోటి దగ్గర ఒక పక్కకే అరిగి ఉంటే శుభ్రం చేసే తాడు రాపిడి. గురి పోతుంది గానీ గోడకు తగిలించుకునేవాడికి పట్టింపు లేదు.

ఒంటి సంగతికి వస్తే, ఈ కరువు నేల తుపాకికి సగం మిత్రుడు, సగం శత్రువు. కోస్తాలో ఉప్పుగాలికి పదేళ్లలో తినేసే తుప్పు ఇక్కడ అంత సులభంగా పట్టదు. ఇనుము మీద గోధుమరంగు పొర నెమ్మదిగా ఏర్పడి అలాగే నిలుస్తుంది. ఆ పొరే వయసుకు సాక్ష్యం. కానీ చెక్క ఎండుతుంది, ముడుచుకుంటుంది, మడమ దగ్గర నిలువునా పగులుతుంది. పగుల్లోకి ఫెవికాల్ పోసి పైన టేకు వార్నిషు కొట్టిన తుపాకులు ఎన్నో. పగులును పగులుగా వదిలేసి ఉంటే వెల ఎక్కువ ఉండేది.

అసలు నష్టం చేసేది మన భక్తి. ఆయుధ పూజ నాడు ఇనుముకు పసుపూ కుంకుమా పూసి, దండ వేసి, ఆ తడి అలాగే ఆరిపోనిస్తే అక్కడే మచ్చ పడుతుంది. అంతకన్నా దారుణం చింతపండు. లీ ఎన్‌ఫీల్డ్ మడమకు ఇత్తడి పట్టీ ఉంటుంది. ఇత్తడి కనబడగానే మన ఇంట్లో చింతపండుతో తోమడం మొదలవుతుంది. పట్టీ మీద దళం గుర్తులు, తేదీలు సన్నగా చెక్కి ఉంటే రెండు దసరాలకే అరిగిపోతాయి. ఎమరీ కాగితంతో ఇనుము రుద్దితే నంబర్లు కూడా పలచబడి, చెరిపేశారేమో అన్న అనుమానం వస్తుంది. పోలీసుల కంట పడితే అది వేరే తలనొప్పి. దుమ్ము పొడిబట్టతో తుడవడం, నూనె చుక్క మెత్తగా రాయడం, అంతవరకే. మెరిసే తుపాకి కన్నా మాసిన తుపాకే మంచి ధర పలుకుతుందని ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి కాస్త ఓపిక కావాలి.

విడిభాగాల విషయంలో మరోరకం లెక్క. పూర్తి తుపాకికి బజారు లేకపోయినా మడమ లోపలి గూట్లో ఉండే ఇత్తడి నూనె సీసా, దానితో పాటు ఉండే తాడు, తోలు పట్టీ, చెక్కకు కొట్టిన గుండ్రటి ఇత్తడి బిళ్ల లాంటివాటిని సేకరించేవాళ్లు ఉన్నారు. మడమ పట్టీ మూత తెరిచి చూడనివాళ్లే ఎక్కువ. బాయ్‌నెట్ దొరికితే పిడి దగ్గర అడ్డ ఇనుము చూడాలి. 1907 నమూనాకు మొదట్లో అక్కడ కొక్కెం ఉండేది, 1913లో తీసేశారు. కొక్కెం ఉన్నదానికి విలువ చాలా ఎక్కువ. అందుకే లేనిదానికి కొక్కెం వెల్డింగు చేసి అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు. అతుకు దగ్గర రంగు తేడాను భూతద్దంతో చూస్తే దొరికిపోతారు. మన దేశంలో బాయ్‌నెట్‌ను పొట్టిగా కోసి వాడిన రకం వేరే ఉంది, అది మోసం కాదు, అసలు నమూనాయే. ఖాళీ తూటా తొడుగు అడుగున కె.ఎఫ్. అని, పక్కన సంవత్సరం ఉంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీది. నిండు తూటా ఒక్కటైనా ఇంట్లో ఉంచుకోకూడదు, జ్ఞాపకార్థమైనా సరే.

మోసాల్లో పెద్దపీట టిప్పు పేరుకే. 2023 మే నెలలో లండన్‌లో బాన్‌హామ్స్ సంస్థ టిప్పు పడకగది ఖడ్గాన్ని వేలం వేస్తే 1.4 కోట్ల పౌండ్లు పలికింది. అప్పటి నుంచి పెనుకొండ చుట్టుపక్కల ఏ వత్తి తుపాకి దొరికినా టిప్పుదేనంటారు. టిప్పు ఆయుధశాల తుపాకికి పులిచారల గుర్తులు, పారశీక అక్షరాలు ఉంటాయి. తేదీ ఆయన పెట్టిన మౌలూదీ శకంలో ఉండి, అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాల్సి వస్తుంది. ఏమీ లేని నాటు తుపాకికి ఒక పులిచార చెక్కించినంత మాత్రాన చాలదు. కంపెనీ తుపాకులకు మరో పరీక్ష ఉంది. తాళం పలక మీద 1808 దాకా హృదయాకారపు వ్యాపార ముద్ర, ఆ తర్వాత కిరీటం పట్టుకున్న సింహం. ఇక ఖైబర్ కనుమ ప్రాంతపు నాటు కార్ఖానాల్లో చేసిన నకళ్లను కనిపెట్టడం కాస్త వినోదమే. ఎన్‌ఫీల్డ్ పేరులో ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. లేదా విక్టోరియా రాణి పేరు పక్కన 1919 ఉంటుంది, అంటే ఆమె పోయి పద్దెనిమిదేళ్లయ్యాక తయారైన తుపాకి.

ఇంతా అయ్యాక ధర. మన దేశంలో దీనికి వేలంపాట బజారు లేదు. ఉన్నది లైసెన్సుదారుల బజారు. అక్కడ అరుదుతనం కన్నా తూటా దొరకడమే ముఖ్యం. .315కు, 12 బోరుకు తూటాలు దేశంలోనే తయారవుతాయి కాబట్టి వాటికి గిరాకీ. మందుకూ గుండుకూ వెతుక్కోవాల్సిన పాత బోర్లు అందంగా ఉన్నా కదలవు. 1980ల మధ్య నుంచి ఆయుధాల దిగుమతి మీద కట్టడి ఉండడంతో, అంతకు ముందు వచ్చిన విదేశీ తుపాకులకు మాత్రం వాటి వయసుతో సంబంధం లేకుండా ఇక్కడ మంచి ధర వస్తుంది. ఈ లెక్కలో అమెరికా ధర మనకు ఏ రకంగానూ ఆనవాలు కాదు. వందేళ్లు దాటిన పురావస్తువు దేశం దాటకూడదని 1972 చట్టం ఉంది కాబట్టి అక్కడికి పంపి అమ్మే మాటే లేదు. కనీసం ఇద్దరు లైసెన్సున్న డీలర్లను అడగాలి. వాళ్లు ఒకరినొకరు ఎరగనివాళ్లైతే మేలు. ఒకరు బెంగళూరులో, ఒకరు హైదరాబాద్‌లో అయినా పర్లేదు. ఇద్దరికీ అవే ఫోటోలు, అదే రాత పంపాలి: పట్టా గుర్తులు, నంబర్లన్నీ, గొట్టం లోపల, చెక్క పగుళ్లు. కుటుంబ కథ చెప్పకుండా ముందు ధర అడగండి, తర్వాత కథ చెప్పి మళ్లీ అడగండి. రెండు ధరల మధ్య తేడా ఎంతో, మీ కథకు పలికే వెల అంత.

అమ్మాలనుకుంటే, కొనేవాడికి ఆ రకం తుపాకికి లైసెన్సు ఉండాలి. అతని పేరూ చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి స్టేషను అధికారికి గానీ రాతపూర్వకంగా చెప్పి, 45 రోజులు ఆగాకే అప్పగించాలి. ఆ గడువులో బయానా పుచ్చుకుని తుపాకి ముందే ఇచ్చేస్తే అమ్మకం చెల్లదు, కేసు మాత్రం నిలుస్తుంది. అమ్మడం ఇష్టం లేక, లైసెన్సూ రాక, అయినా పోగొట్టుకోవడం మనసొప్పకపోతే మ్యూజియంకు రాసివ్వొచ్చు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూసినవాళ్లకు తెలుసు, ఒక వస్తువు పక్కన రాసి పెట్టే నాలుగు పంక్తులు ఎంత ముఖ్యమో. ఆ నాలుగు పంక్తులకు ఆధారం ఇంట్లోనే ఉంటుంది: పాత లైసెన్సు పుస్తకం. ఏ సంవత్సరం ఎవరు కొన్నారో, ఏ డీలరు ఎన్ని తూటాలిచ్చాడో, ఏ ఎన్నికలప్పుడు అప్పగించారో అన్నీ ముద్రలతో సహా అందులో ఉంటాయి. తుపాకితో పాటు దాన్నీ స్టేషన్లో ఇవ్వాల్సి వస్తుంది కాబట్టి, వెళ్లేముందు అట్టతో సహా ప్రతి పేజీ ఫోటో తీసి ఉంచుకోండి.